రాయపురానికి వెళ్లిన ప్రింటరు

1986 ఏప్రిల్‌లో రాయపురంలోని వెంకటాచలం ఐసు ఫ్యాక్టరీ కంప్యూటరీకరణ విజయవంతంగా పూర్తయింది. అప్పటికి నెలరోజులుగా అక్కడ ఐసు లేదు. ఈ రెండు సంగతులకూ సంబంధం లేదని పని చేసిపెట్టిన కంపెనీవారు తెలియజేశారు.

మోటార్లను వేసి ఆపేందుకు ఫ్యాక్టరీలో చిన్న కంప్యూటరు బోర్డు బిగించారు. పాత స్విచ్చి ఉంటే కొత్తదానికి గౌరవం దక్కదని దాన్ని ముందే పీకేశారు. బోర్డును నడిపే ప్రోగ్రాం మాత్రం ఆ కంపెనీవారి మౌంట్‌రోడ్డు ఆఫీసులో, పెద్ద కంప్యూటరుమీద తయారవుతుంది. తయారీకి రాసిపెట్టుకున్న ఆదేశాల జాబితాను స్క్రిప్టు అంటారు. అది పద్ధతి గల స్క్రిప్టు. పనిలో దిగేముందు ప్రింటరుందా, డిస్కుందా అని విచారిస్తుంది. తాను కూర్చున్న కంప్యూటరునే విచారిస్తుంది. అది ఉన్నాయని నిజమే చెబుతుంది. ఆ జవాబులతో రాయపురానికి ప్రోగ్రాం సిద్ధమవుతుంది.

రాయపురం చేరిన ప్రోగ్రాం మోటారు జోలికి పోకుండా అక్కడ లేని ప్రింటరు కోసం కాచుకుని కూర్చుంది. దాన్ని రాసిన యతిరాజులు మౌంట్‌రోడ్డు ఆఫీసు మేనేజరు జనార్దనాన్ని కలిశాడు.

"సార్, స్క్రిప్టు ఈడ మిషన్ని అడిగి ఆడికి రాస్తా ఉండాది. ఆడ ఏముందో మనమే చెప్పేట్టు మూడు వరసలు మారిస్తే చాలు."

"ఈడ నడిచేదాన్ని ఎందుకప్పా కెలకడం? ఆడ లేకుంటే ఆడ పెట్టు."

పెట్టారు. ప్రింటరు చేరాక ప్రోగ్రాం డిస్కు అడిగింది. బీరువా అంత డిస్కు లారీలో వెళ్లింది. డిస్కుకు దుమ్ము పడదు కనుక గది, గదికి ఏసీ అవసరమయ్యాయి. ఐసు దిమ్మలు పేర్చేచోట గది కట్టారు. ఐసు గడ్డకట్టించే ఉప్పునీటి తొట్టిని ఖాళీచేసి పైన పలకలు పరిచారు. మోటార్లు అడ్డమని విప్పి పెరట్లో పెట్టారు. ప్రతిసారీ యతిరాజులు మూడు వరసల మాట ఎత్తాడు. అతనిలో సహకార గుణం తక్కువని ఫైలులో నమోదైంది.

ప్రారంభోత్సవంలో జనార్దనం, ఇకమీదట మౌంట్‌రోడ్డుకూ రాయపురానికీ తేడా లేదని ప్రకటించారు. అది వాస్తవం. అతిథుల సోడాలకు ఐసు వాషర్‌మెన్‌పేట్ నుంచి తెప్పించారు. పూలదండ మెడలో పడేదాకా ఫ్యాక్టరీ యజమాని వెంకటాచలం పెరట్లోని మోటార్లనే చూస్తూ నిలబడ్డాడు.

సభ ముగిసేవేళకు చేపలమ్మే గోవిందమ్మ గంపతో వచ్చింది.

"ఏం నాయనా, ఇప్పుడన్నా ఐసు ఇస్తారా? పొద్దున్నించి వంజరం ఎండలో ఉండాది."

ప్రోగ్రాం అప్పటికి నిరాటంకంగా నడుస్తోంది. పెరట్లో ఉన్న మోటార్లకు ఆజ్ఞలిస్తూ, గంటగంటకూ 'ఐసు సిద్ధం' అని ఇంగ్లీషులో అచ్చువేస్తోంది. యతిరాజులు ఆ కాగితాలే చించి ఆమె చేతికిచ్చాడు. ఇవ్వడానికి అక్కడ మరేమీ లేదు.

గోవిందమ్మ వాటిలో చేపలు చుట్టి సాయంత్రం బజారులో పెట్టింది. మనమే కొన్నాం. ఐసు సిద్ధమని కాగితం మీద ఉంది కదా, ఎవరమూ వాసన చూడలేదు.