పేరు మింగిన డిస్కు

నేరమన్నది జగ్గయ్యపేట పొలిమేర దాటి లోపలికి రావాలంటే ముందు చెన్నకేశవరావు అనుమతి తీసుకోవాలి. ఈ మాట అన్నది చెన్నకేశవరావే. దుకాణం తెరిచి ఉన్నంతసేపూ బెల్లం హోల్‌సేల్ వ్యాపారం, మిగతా వేళల్లో అపరాధ పరిశోధన. ఇప్పటిదాకా పట్టుకున్న నేరస్తులు ఇద్దరు. మొదటిది బస్తాలో దూరిన పందికొక్కు. రెండోవాడు పెళ్ళిలో ఈయన చెప్పులు వేసుకుపోయిన పెద్దమనిషి. తీరా చూస్తే ఆ చెప్పులు పెద్దమనిషివే. అయినా పట్టుకోవడమైతే పట్టుకున్నాడు కదా.

దసరా వెళ్ళిన మూడో రోజు పొద్దున్నే అక్క సీతారావమ్మ ఫోన్ చేసింది.

"ఒరే కేశవా, మీ బావ డిస్కు ఆడట్లేదురా."

ఆ డిస్కు సంగతి చుట్టాలందరికీ తెలుసు. పదిహేనేళ్ళ కిందట బావ సాంబయ్య షష్టిపూర్తికి తీయించిన డీవీడీ అది. అన్నేళ్ళ కాపురంలో సాంబయ్య పెళ్ళాన్ని "ఇదిగో" అనో "ఏమేవ్" అనో పిలిచాడే గానీ, పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. ఆ రోజు మాత్రం ఆడపిల్లలు గడపకి అడ్డంగా నిలబడి, పేరు చెబితే గానీ లోపలికి వదలమన్నారు. చెప్పక తప్పలేదు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. సీతారావమ్మ ప్రతి శుక్రవారం ఆ ఒక్క ముక్క విని టీవీ కట్టేస్తుంది. ఇంకో కాపీ లేదు. వీడియో తీసిన నందిగామ నవీన్‌బాబు పాత కంప్యూటర్ ఎప్పుడో పాడైపోయింది.

చెన్నకేశవరావు భూతద్దం జేబులో వేసుకుని హుటాహుటిన వెళ్ళాడు. డిస్కు ప్లేయర్లో పెట్టాడు. అది లోపల కాసేపు గిర్రున తిరిగి, "నో డిస్క్" అని చూపించింది.

"చూశావా అక్కా. మన కళ్ళ ముందు పెట్టిన డిస్కుని లేదంటోంది. సాక్షి అబద్ధమాడుతోందంటే దీని వెనక పెద్ద తలకాయలున్నాయి."

డిస్కు బయటికి తీసి భూతద్దంలోంచి చూశాడు. ఎర్రటి మరక. ప్లేయరు మీద చూశాడు, ఎర్రటి మరక. గచ్చు మీద, సోఫా మీద, ఆఖరికి అక్క చేతిలో కాఫీ గ్లాసు మీద కూడా ఎర్రటి మరకే. చెన్నకేశవరావు వీధి తలుపు దగ్గరగా వేశాడు. ఇల్లంతా నెత్తురని గుసగుసగా ప్రకటించాడు.

కళ్ళజోడు ఎక్కడ పెట్టానో గుర్తులేదు గానీ, ఆ డిస్కు ఇటిస్తే కొంగుతో తుడుస్తానంది సీతారావమ్మ. సాక్ష్యం చెరిపేస్తావా అని కసిరి, దాన్ని బెల్లం కవర్లో పెట్టి మూతి ముడేశాడు.

తర్వాత కళ్ళు మూసుకుని ఆలోచించాడు. అసలు డిస్కు మార్చేశారు. ఎవరు? పోయిన నెల నవీన్‌బాబు పేట వచ్చి అక్కింట్లో కాఫీ తాగి వెళ్ళాడు. కాఫీకి వచ్చినవాడు ఊరికే వస్తాడా? కళ్ళు తెరిచేసరికి కేసు సగం తేలిపోయింది.

అక్కాతమ్ముళ్ళు నందిగామ బస్సెక్కారు. ఎవరూ గుర్తుపట్టకుండా చెన్నకేశవరావు నల్లద్దాలు పెట్టి, తలకి టోపీ దిగలాగాడు. కండక్టర్ టికెట్ ఇస్తూ, "ఏం కేశవరావు గారూ, కళ్ళకలకా?" అని పరామర్శించాడు.

నవీన్‌బాబు ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి మంచినీళ్ళ బాటిల్ ఇచ్చాడు. చెన్నకేశవరావు నల్లద్దాలు నెమ్మదిగా తీశాడు.

"నవీన్‌బాబూ, నీ ఆట కట్టింది. ఒప్పుకో."

"ఏం ఒప్పుకోవాలండీ?"

చెన్నకేశవరావుకి అంతవరకే తయారీ ఉంది. ఆయన తడుముకుంటుంటే సీతారావమ్మే జరిగింది చెప్పింది. పాపం నవీన్‌బాబు ఒకసారి డిస్కు చూస్తానని చెయ్యి చాచాడు. వేలిముద్రలు పడతాయని చెన్నకేశవరావు ఇవ్వలేదు. చేసేది లేక నవీన్‌బాబు అటక మీంచి పాత ప్లేయర్ దించి, మూత విప్పి చూపించాడు.

"డిస్కులో బొమ్మలుండవండీ, గుంటలుంటయ్. కంటికి ఆనవు, వెంట్రుక మందంలో వంద వరసలు పడతయ్. ఈ లెన్సులోంచి లేజర్ వెలుగు పైకెళ్ళి, వెండి పొరకి తగిలి వెనక్కొస్తది. గుంట దగ్గర ఒకలాగా, సాపు చోట ఇంకోలాగా వస్తది. ఆ తేడాలోంచే బొమ్మా, మాటా."

"గుంటలు తవ్విందెవరు?" అన్నాడు చెన్నకేశవరావు చటుక్కున. పేటలో సున్నపురాయి క్వారీకే సవాలక్ష పర్మిషన్లు కావాలి మరి.

నవీన్‌బాబు సీతారావమ్మ వైపు తిరిగాడు. "చదవడం మధ్యలో చిల్లు దగ్గర్నుంచి మొదలెడతదమ్మా. లోపల ఏముందో చెప్పే పట్టిక అక్కడే ఉంటది. అది కనపడకపోతే దాని లెక్కలో డిస్కే లేదు."

"కట్టుకథలు" అంటూ చెన్నకేశవరావు కవరు విప్పి, డిస్కు బల్ల మీద పెట్టి, పక్కన పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాడు. బాటిల్ పల్టీ కొట్టింది. నీళ్ళన్నీ డిస్కు మీద పడి, ఎర్రగా బల్లంతా పారాయి.

"కుంకుమండీ" అన్నాడు నవీన్‌బాబు వేలితో చూసి.

సీతారావమ్మ నవీన్‌బాబు కళ్ళజోడు అడిగి పెట్టుకుంది. డిస్కు మెరిసేవైపు చిల్లు చుట్టూ నాలుగు బొట్లు, సగం కరిగి ఉన్నాయి. తమ్ముడి జేబులోంచి భూతద్దం లాక్కుంది. దాని నట్టనడుమ ఇంకో బొట్టు.

ఆయుధపూజకి ఇంట్లో మగదిక్కు లేదని తమ్ముణ్ణి పిలిచింది తనే. తను వంటింట్లో గారెలు వేస్తుంటే, వీడు కత్తిపీట మొదలు మిక్సీ దాకా అన్నిటికీ బొట్లు పెట్టాడు. బావ ఫోటో దగ్గరున్న డిస్కునీ వదల్లేదు. మెరిసేది మొహమే కదా అనుకున్నాడు. తన ఆయుధమని భూతద్దానికీ పెట్టుకున్నాడు.

"అన్నిట్లో వేలు పెట్టడం నీకు మొదట్నుంచీ అలవాటే గదరా" అంది.

చెన్నకేశవరావు నల్లద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. అపరాధ పరిశోధనలో అంత చీకటి ఆయన ఎన్నడూ చూడలేదు.

నవీన్‌బాబు మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడిచి, పాత ప్లేయర్ని షాపులో టీవీకి తగిలించి డిస్కు పెట్టాడు. సీతారావమ్మ కొంగు పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. ప్లేయర్ గిర్రున తిరిగింది. తెర వెలిగింది. గడప ముందు పట్టుపంచెలో సాంబయ్య, చెవుల దాకా ఎర్రబడి, పైకప్పుకేసి చూస్తూ అన్నాడు:

"సీతారావమ్మా, నేనూ వచ్చాం. జరగండమ్మా, ఆకలేస్తోంది."

సీతారావమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నవీన్‌బాబు అడక్కుండానే మళ్ళీ వెనక్కి తిప్పి పెట్టాడు. ఆ తర్వాత రెండు కాపీలు చేసిచ్చాడు.

తిరుగు బస్సులో చెన్నకేశవరావు గొంతు సవరించుకుని, ఎంతైనా నీళ్ళ బాటిల్ పద్ధతి వల్లే కేసు తేలిందన్నాడు. పేటలో దిగి ఇంటికొచ్చాక సీతారావమ్మ ముందు తను లోపలికెళ్ళి, గడపకి అడ్డంగా నిలబడింది.

"దొంగ పేరు చెబితే గానీ లోపలికి వదలను."

చెన్నకేశవరావు వీధి అటూ ఇటూ చూశాడు. టోపీ తీశాడు. చెవుల దాకా ఎర్రబడి, పైకప్పుకేసి చూస్తూ చెప్పాడు.

"చెన్నకేశవరావు. జరుగక్కా, ఆకలేస్తోంది."