తార్నాక కంకరకు నౌకరీ

రాళ్లలోనూ స్థానికులు, స్థానికేతరులు ఉంటారని మీకు తెలుసా? యూనివర్సిటీ ఇంజనీరు శేషాద్రి గారికి తెలుసు! 1968లో తార్నాక నుంచి హాస్టళ్ల దాకా తారు రోడ్డు వేయించే బాధ్యత ఆయన మీద పడింది.

కంకర దూరపు జిల్లా నుంచి లారీల్లో తెప్పిస్తానన్నాడు కంట్రాక్టరు. శేషాద్రి గారికి ఒళ్లు మండింది. పక్కనే గుట్ట ఉండగా పరాయి రాయి ఎందుకు? ఈ ఎండకు కాగి, ఈ వానకు తడిసి, ఇక్కడే పడివున్న రాయికి ఈ రోడ్డు మీద హక్కు లేదా? పైవాళ్లతో పోట్లాడారు. రాయిని లేబొరేటరీలో నలగ్గొట్టి చూపించారు. చివరికి నెగ్గారు. ఎంత ధర్మాత్ముడు!

ఇక పని చూసుకోవడానికో సూపర్‌వైజర్ కావాలి. ఆయన ఎక్కడా వెతకలేదు. కడపలో రైలెక్కి అక్క కొడుకు గంగాధర్ వచ్చి దిగాడు. తారు ఎలా కాస్తారో అతనికి తెలియదు. అయితేనేం, నేర్చుకుంటాడు! రాయి నేర్చుకోలేదు కదా, అందుకే స్థానికత దానికి మాత్రమే అవసరం.

రోడ్డు ప్రారంభం నాడు శేషాద్రి గారు ఆవేశంగా ప్రసంగించారు. "ఈ మట్టిలో పుట్టినదానికి ఈ మట్టిలోనే బతుకు దొరకాల!"

అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది వెంకటేశం. వారాసిగూడవాడు. పాలిటెక్నిక్ పాసై ఖాళీగా ఉన్నాడు. ఆ సూపర్‌వైజర్ పోస్టుకే దరఖాస్తు పెట్టుకున్నాడు.

"సార్, నేను గూడ గీడనే పుట్టిన. గుట్టకిచ్చిన నౌకరీ నాకెందుకియ్యలే?"

జనం గొల్లుమన్నారు. శేషాద్రి గారు నొచ్చుకున్నారు. ఆయన మనసు వెన్న.

"అట్లంటే ఎట్లప్పా? గుట్టకాడ కంకర కొట్టేదానికి మనుషులు కావాల. ఆడ లోకల్ వాళ్లకే ప్రాధాన్యం!"

వెంకటేశం మొహం మాడిపోయింది. "షుక్రియా సార్" అని వెళ్లిపోయాడు.

కొత్త సంవత్సరం వచ్చింది. ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్లకే ఇవ్వాలంటూ క్యాంపస్ అంతా ఊరేగింపు తీసింది. ముందు వరుసలో వెంకటేశం, గొంతు చించుకుంటూ. వెనక సీతాఫల్‌మండి నుంచి, హబ్సిగూడ నుంచి వచ్చి కలిసిన జనం.

గంగాధర్ ఆఫీసులో బల్ల చాటున నక్కాడు.

"మామా, మనూరికి పోదాం పా."

"ఉండప్పా!"

శేషాద్రి గారు కిటికీ దగ్గరే నిలబడ్డారు. ఆయన చూపు మనుషుల మీద లేదు, వాళ్ల కాళ్ల కింద ఉంది. అంతమంది తొక్కుతున్నా ఒక్క రాయి ఊడలేదు. ఆయన కళ్లు చెమర్చాయి.

"చూసినావా అబ్బీ? లోకల్ అంటే అదీ!"