ఎడమ దద్దమ్మ

ఆదివారం క్లబ్బులో బ్రిడ్జి ఫైనల్. అప్పటిదాకా రోజూ పొద్దున్నే, క్లినిక్ పని మొదలయ్యేలోగా కంప్యూటర్‌తో ఓ గంట ఆడి, చేతికి పట్టిన తుప్పు వదిలించుకోవాలని పళ్ళ డాక్టరు పథకం వేసుకున్నాడు. పథకంలో లోపమేమీ లేదు. లోపమంతా కంప్యూటర్‌లో ఉంది.

ఈ ఫైనల్ ఆయన కోరి తెచ్చుకున్నది కాదు. మామగారితో ఎప్పుడూ జోడీగా ఆడే స్నేహితుడు మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఏళ్ళ తరబడి ఆ కప్పు మీద కన్నేసి ఉంచిన మామగారు, గత్యంతరం లేక అల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నారు. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన అల్లుణ్ణి "మంచి డాక్టరు" అన్నారే గానీ, "మంచి ఆటగాడు" అని పొరపాటున కూడా అనలేదు. ఈ ఆదివారంతో ఆ మాట ఆయన నోట అనిపించుకోవాలని డాక్టరు పంతం.

తెర మీద ఎడమవైపు ఒక కంప్యూటర్ ఆటగాడు, కుడివైపు ఒకడు. డాక్టరు గెలవకుండా అడ్డుకోవడం వాళ్ళ పని. అడ్డుకోవడం మాట దేవుడెరుగు, కంచే చేను మేసినట్టు వాళ్ళే ఎదురొచ్చి ఆట ఆయన చేతిలో పెట్టేవారు. ఆఖర్లో అక్కరకొచ్చే పెద్ద ముక్కల్ని ముందే పారేసి, ఎందుకూ కొరగాని రెండునీ మూడునీ పదిలంగా దాచుకునేవారు. అందులో ఎడమవాడు మరీ ఘోరం. చేతిలో ఆసు ఉంటే వాడికి నిద్ర పట్టదు. డాక్టరు ఎంత చిన్న ముక్క వేసినా, దాని మీద ఠపీమని ఆసు కొట్టేవాడు. డాక్టరు వాడికి ఎడమ దద్దమ్మ అని పేరు పెట్టాడు.

గెలుస్తున్నాడుగా, ఏడుపెందుకు అంటారేమో. దద్దమ్మల మీద గెలిచి నేర్చుకునేదేముంది? ఒళ్ళు మండి, ఆట స్థాయిని 'కఠినం'కి మార్చాడు. దద్దమ్మలు కాసేపు ఆలోచించినట్టు నటించి, మళ్ళీ అవే తప్పులు చేశారు. ఆ పొద్దున ఇక ఓపిక నశించింది.

"ఒరేయ్ దద్దమ్మా! మంచిదాన్ని పారేసి చెత్తదాన్ని ఉంచుతావా? కళ్ళెక్కడ పెట్టుకున్నావురా? ఇలాంటి పని ఇంకెంతమందికి చేశావు?"

దున్నపోతు మీద వాన. దున్నపోతుకు పట్టలేదు గానీ, ఆ వాన కాస్తా గోడ అవతల క్లినిక్ కుర్చీలో, చెంప పట్టుకుని కూర్చున్న మనిషి మీద పడింది. రెండు నిమిషాల్లో డాక్టరు భార్య పరిగెత్తుకొచ్చింది.

"ఏమండీ, పేషెంటు పారిపోయాడు!"

"ఎవరు?"

"ఎవరో మీసాలాయన. పాపం, పన్ను పోటని తొందరగా వస్తే కూర్చోబెట్టాను. మీ అరుపులు విని, 'ఇక్కడ మంచి పళ్ళు పీకుతారా?' అన్నాడు. కంప్యూటర్ని తిడుతున్నారని చెప్పేలోపే వీధిలో ఉన్నాడు."

మధ్యాహ్నానికి ఆ కబురు మందుల షాపుకు చేరింది. సాయంత్రానికి, డాక్టరు ఎవరికో మంచి పళ్ళన్నీ పీకేసి పుచ్చువి మిగిల్చాడని ఊరంతా చెప్పుకుంది. క్లినిక్‌లో కుర్చీలు ఖాళీ అయ్యాయి. సాధనకు తీరిక దొరికిందని డాక్టరు సర్దుకున్నాడు.

శుక్రవారం మామగారు, అత్తగారితో సహా దిగారు. అల్లుడి వెనక నిలబడి ఒక ఆట చూశారు.

"అల్లుడుగారూ, ఇది ఆట కాదు, దానధర్మం. రండి, మనుషులతో ఆడదాం."

భోజనాల బల్ల మీద ముక్కలు పంచారు. బ్రిడ్జిలో జోడీలో ఒకరి ముక్కలు కూడా రెండోవారే ఆడతారు గనక, మామగారు తన ముక్కలు అందరికీ కనబడేలా పరిచి అల్లుడికి వదిలేశారు. అందులో ఒక రాజు, ఒక జాకీ. ఎడమవైపున్న అత్తగారి దగ్గర ఆసు ఉంటే డాక్టరు రాజు వేయాలి. కుడివైపున్న భార్య దగ్గర ఉంటే జాకీ వేయాలి. అత్తగారు నిదానంగా చిన్న ముక్క వేసింది. ఆసు ఉంటే ఈపాటికి కొట్టేదే కదా అని డాక్టరు ధీమాగా జాకీ వేశాడు. భార్య రాణితో దాన్ని లాగేసుకుంది. మరుసటిసారి అత్తగారు ఆసు తీసింది.

"ఆసు పెట్టుకుని చిన్న ముక్క వేశారా?"

"వేయకూడదా అల్లుడుగారూ?" అత్తగారు నొచ్చుకుంది.

"అలా ఎవరూ వేయరండీ!"

"ఎవరు వేయరు?" అన్నారు మామగారు.

దద్దమ్మ వేయడు అనబోయి, డాక్టరు నాలిక కరుచుకున్నాడు.

"మనుషులు ఆసు దాచుకుంటారు," అన్నారు మామగారు. " ఆ మిషన్ను మర్చిపోండి. ఎదుటివాడి మొహం చూడండి. ఎంత దాచినా, ఎక్కడో ఒకచోట కలుక్కుమంటుంది."

ఆదివారం కప్పు చివరి ఆట మీదికి వచ్చింది. విధి ఎంత కొంటెదో, బల్ల మీద మళ్ళీ అదే రాజు, అదే జాకీ. ఎడమవైపు గుబురు మీసాలాయన. వెనక వరసలో కూర్చున్న డాక్టరు భార్య ఆయన్ని గుర్తుపట్టి, అయ్యో అని చెంప మీద చెయ్యి వేసుకుంది. మొహం చూడమంటోందని అర్థం చేసుకున్నాడు డాక్టరు. చూశాడు. మీసాలాయన చిన్న ముక్క వేశాడు. వేస్తూ వేస్తూ కన్ను మూసి, దవడ బిగించి, ఒక్క క్షణం విలవిల్లాడాడు.

కలుక్కుమంది! డాక్టరు రాజు వేశాడు.

కుడివైపు నుంచి ఆసు వచ్చి రాజును మింగింది. ఆ తర్వాత మీసాలాయన రాణి వచ్చి జాకీని మింగింది. కప్పు పోయింది.

"ఆసు మీ దగ్గరుందనుకున్నానండీ," అన్నాడు డాక్టరు.

"నా దగ్గరుంటే అప్పుడే కొట్టేసేవాణ్ణి కదండీ! ఆగడం నాకు చాతకాదు. నేను ఆట నేర్చుకుందే కంప్యూటర్ దగ్గర."

"మరి మొహం అలా ఎందుకు పెట్టారు?"

"పన్నండీ బాబూ! మొన్న ఓ డాక్టరు దగ్గరికి వెళితే, లోపల ఎవరికో మంచి పన్ను పీకేసి గోల గోల. పారిపోయొచ్చాను. అప్పట్నుంచీ ఉండుండి పోటు."

మామగారు ముక్కలన్నీ పోగుచేసి, నెమ్మదిగా పెట్టెలో సర్దారు. అల్లుడి భుజం మీద చెయ్యి వేశారు.

"అల్లుడుగారూ, మీరు మంచి డాక్టరండీ."

ఆ మాట డాక్టరుకు ఓటమి కన్నా లోతుగా దిగింది. కనీసం అదైనా నిజం చేద్దామని, ఆ అరుపులు ఇక వినబడవని ఒట్టేసి, మీసాలాయన్ని బతిమాలి మర్నాడు పొద్దున్నే క్లినిక్‌కు పిలిపించాడు. కుర్చీలో కూర్చోబెట్టి, నోరు తెరిపించి, అద్దం లోపల పెట్టాడో లేదో, గోడ అవతల నుంచి మామగారి గొంతు పిడుగులా పడింది.

"ఒరేయ్ దద్దమ్మా! మంచిదాన్ని పారేసి చెత్తదాన్ని ఉంచుతావా?"

మీసాలాయన తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి, కుర్చీలోంచి దూకి తలుపు వైపు పరిగెత్తాడు. ఈసారి డాక్టరు గడియ ముందే వేసి ఉంచాడు.