పదిహేడో నంబరు పేపరు

ఆ రోజుకి ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉదయం క్లాసులో పిల్లల చేతే వ్యాసాలు దిద్దించాలి, మధ్యాహ్నం వాటిని ప్రిన్సిపాల్‌కి చూపించాలి, సాయంత్రంలోగా ఉద్యోగం నిలబెట్టుకోవాలి.

జూనియర్ కాలేజీలో ఆమె రచన నేర్పే లెక్చరర్. ఎవరేం రాసుకొచ్చినా మార్కులు వేయదు. కింద "మళ్ళీ రాయి" అని రాసి, ఎందుకో కూడా రాస్తుంది. అందుకే పిల్లలు 'మళ్ళీరాయి మేడమ్' అని పేరు పెట్టారు. ఆ పేరే స్థిరపడిపోయింది. వచ్చే ఏడాది టైమ్‌టేబుల్ మీద ప్రిన్సిపాల్ ఆ సాయంత్రమే సంతకం పెట్టాలి. రచన పీరియడ్లు ఉంచాలా, లెక్కలకు ఇచ్చేయాలా అన్నది ఇంకా తేలలేదు. పీరియడ్లు పోతే వాటి వెనకే ఆమె కూడా పోతుంది.

ఆ ఉదయం ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు, భర్త సాయం చేద్దామని బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయన పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగి. చేరాల్సిన చోటు లేని కాగితాన్ని చూస్తే ఆయన ప్రాణం ఒప్పదు. బల్ల మీద 'ఈ కాలేజీ నాకేమిచ్చింది' అన్న వ్యాసాల కట్ట ఉంది. దిద్దేవాళ్ళు స్నేహితులు కదా అని వదిలేయకుండా వాటి మీద పేర్లకు బదులు నంబర్లే ఉన్నాయి. చూస్తే పదహారు తర్వాత పద్దెనిమిది! పక్కనే వాటిలాగే ప్రింటు తీసిన కాగితం, కాలేజీ గురించే, నంబరు లేకుండా పడి ఉంది.

"పాపం, తొందరలో మర్చిపోయింది," అనుకుని ఆయన దాని మూల మీద పదిహేడు వేసి, కట్టలో సర్ది, బ్యాగు జిప్పు లాగేశాడు.

ఆ కాగితం ఆ సాయంత్రం వార్షికోత్సవంలో ప్రిన్సిపాల్ చదవబోయే ప్రసంగం. "అచ్చుతప్పులుంటే చూసి పెట్టమ్మా," అని ముందురోజే ఆమెకిచ్చారు. తన ప్రసంగం మీద తన పేరు ఎవరైనా ఎందుకు రాసుకుంటారు?

మొదటి పీరియడ్‌లో పదిహేడో నంబరు వెనక బెంచీ చేతికి చిక్కింది. కాసేపటికి అటువైపు నుంచి నోళ్ళు మూసుకుని నవ్వే చప్పుడు మొదలైంది.

"ఏమిటా నవ్వు? రాసినవాళ్ళు బాధపడరూ? వెక్కిరించకండి, ప్రశ్నలు అడగండి," అంది మళ్ళీరాయి మేడమ్ బోర్డు దగ్గర్నుంచే.

"ప్రశ్నలే అడుగుతున్నాం మేడమ్. రాయడానికి చోటు చాలట్లేదు."

ఆమెకి ముచ్చటేసింది. పిల్లలు ఇంత శ్రద్ధగా దిద్దడం ఆ ఏడాదిలో అదే మొదటిసారి.

క్లాసు అయ్యాక లీడరు అలవాటు ప్రకారం ప్రతి పేపరునూ ఫోటో తీసి, ఆ నంబరు గలవాళ్ళ ఫోనుకి పంపింది. పదిహేడు నంబరు పళ్ళ డాక్టరమ్మ కూతురిది. ఆ అమ్మాయి అసలు వ్యాసమే ఇవ్వలేదు. ఇచ్చేశానని ఇంట్లో చెప్పి, ఆ రోజు కడుపునొప్పి పేరుతో ముసుగుతన్ని పడుకుంది. ఫోను మాత్రం తల్లి దగ్గరుంది. ఒక పేషెంటు నోరు తెరిపించి, ఇంజక్షన్ ఇచ్చి, అది పనిచేసేదాకా ఊరుకోలేక, డాక్టరమ్మ ఆ ఫోటో తెరిచింది.

మధ్యాహ్నం మళ్ళీరాయి మేడమ్ ప్రసంగం చూద్దామని బ్యాగు తెరిచింది. లేదు. బ్యాగు బోర్లించింది. లేదు. భర్తకి ఫోను చేసింది.

"ఏమండీ, బల్ల మీద విడిగా ఓ కాగితం ఉండాలి. చూశారా?"

"నంబరు లేనిదేగా? పదిహేడు వేసి కట్టలో పెట్టేశాను. థాంక్స్ సాయంత్రం చెబుదువుగానిలే."

ఆమె కట్టలోంచి పదిహేడో నంబరు లాగి చూసింది. మార్జిన్లలో ఎక్కడా తెల్లకాగితం మిగల్లేదు. అప్పుడే అటెండరు తలుపులోంచి తల పెట్టాడు.

"మేడమ్, ప్రిన్సిపాల్‌గారు రమ్మంటున్నారు. పళ్ళ డాక్టరమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఏదో పేపరు చదివి వినిపిస్తుందంట."

ఆమె ఆ పేపరుతోనే మెట్లు రెండేసి చొప్పున దిగింది. అయినా ఆలస్యమైపోయింది. డాక్టరమ్మ ఫోను చూసి చదవడం మొదలుపెట్టేసింది.

"'మహోన్నతమైన ఈ విద్యాసౌధపు పునాదిరాళ్ళలో ప్రతి విద్యార్థీ ఒక శిఖరమై వెలుగొందాలి...'"

ప్రిన్సిపాల్ ముఖం వికసించింది. తన ప్రసంగం సాయంత్రం కాకముందే ఊళ్ళోకి పాకిందన్నమాట! ఆయన కళ్ళు మూసుకుని తలాడించారు.

"చూశారా సార్, మీకు నిద్ర కూడా వస్తోంది," అంది డాక్టరమ్మ. "ఇది వినిపిస్తే నా క్లినిక్‌లో మత్తింజక్షన్ అక్కర్లేదు. తోటి పిల్లలు ఏం రాశారో చూడండి. 'పునాదిలో శిఖరమా? ముందు ఇల్లు ఎటు తిరిగి ఉందో తేల్చు.' ఇంకోటి. 'మహోన్నతం నాలుగుసార్లు వచ్చింది. కాలేజీ ఒక్కసారీ రాలేదు.' ఏడాదంతా రచన నేర్పితే ఇదా సార్ వచ్చేది? ఆ పీరియడ్లు తీసేసి లెక్కలు పెట్టండి. కనీసం కూడికలైనా వస్తాయి."

ప్రిన్సిపాల్ కళ్ళు తెరుచుకున్నాయి. ఆ కళ్ళు మెల్లగా మళ్ళీరాయి మేడమ్ వైపు తిరిగాయి. వాటిలో వచ్చే ఏడాది టైమ్‌టేబుల్ మొత్తం ఆమెకి కనిపించింది. అందులో ఆమె లేదు.

నిజం చెబుదామని ఆమె నోరు తెరిచింది. కానీ, 'ఆ చెత్త రాసింది మీ ఎదురుగా కూర్చున్న పెద్దమనిషే' అని ఎలా చెప్పడం? ప్రిన్సిపాల్ పరిస్థితీ అంతే. 'అది నాది' అనడానికి ఆయనకి నోరు రావడం లేదు. చివరికి ఆయన గొంతు సవరించుకుని అమ్మాయిని అడిగారు.

"ఇది నువ్వే రాశావా?"

అమ్మాయి తల్లి ముఖం చూసింది. కాదంటే ఇవ్వలేదని తెలిసిపోతుంది. కడుపునొప్పి సంగతి కూడా బయటపడుతుంది.

"నేనే సార్."

"ఓహో. అయితే ఆ పునాదీ శిఖరమూ అంటే ఏమిటో చెప్పు," అన్నారాయన. ఆయన గొంతులో కోపంతో పాటు కొంచెం కుతూహలం కూడా ఉంది. ఆ వాక్యానికి అర్థం ఆయన కూడా ఎప్పుడూ ఆలోచించలేదు.

అమ్మాయి కిటికీ వైపు చూసింది. గోరు కొరికింది. "అంటే సార్... నేను చేరిన కొత్తలో ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. టిఫిన్ డబ్బా పట్టుకుని ల్యాబ్ మెట్ల మీద ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. ఒకరోజు ఇద్దరమ్మాయిలు వచ్చి 'కాస్త జరుగు, మేమూ కూర్చుంటాం' అన్నారు. తర్వాత ఇంకొంతమంది వచ్చారు. ఇప్పుడా మెట్ల మీద చోటే ఉండదు సార్. ఎవరైనా కొత్తవాళ్ళు ఒంటరిగా నిలబడి కనిపిస్తే మేమే జరిగి పిలుస్తాం. కాలేజీ నాకిచ్చింది అదే. జరగడం నేర్పింది."



"మరి అదే రాసి చావొచ్చు కదే!" అంది డాక్టరమ్మ. గొంతు మాత్రం ఎందుకో మెత్తబడింది. "అన్నాళ్ళు ఒక్కదానివే తిన్నావా? నాకెప్పుడూ చెప్పలేదేం?"

"మళ్ళీ రాయి," అంది మళ్ళీరాయి మేడమ్. కళ్ళు చేతిలోని పేపరు మీదున్నాయి, మాట అలవాటుగా దానంతటదే వచ్చేసింది.

"సరే మేడమ్," అంటూ ప్రిన్సిపాల్ జేబులోంచి పెన్ను తీశారు.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన పెన్ను వైపు చూసుకున్నారు.

అమ్మాయి ఇక ఆగలేకపోయింది. "సార్, సారీ సార్. ఆ పేపరు నాది కాదు. నేనసలు ఇవ్వనేలేదు. ఎవరిదో కూడా తెలీదు."

"ఎవరిదే మరి?" అంది తల్లి.

"నాదమ్మా," అన్నారు ప్రిన్సిపాల్.

రోజంతా ఇతరుల నోళ్ళు తెరిపించే డాక్టరమ్మ నోరు ఈసారి దానంతటదే తెరుచుకుని, చాలాసేపు అలాగే ఉండిపోయింది. "క్షమించండి సార్," అంది చివరికి. కానీ వృత్తిధర్మం ఊరుకోనివ్వలేదు. "అయినా మహోన్నతం నాలుగుసార్లంటే ఎక్కువే సార్. మూడు పీకేయొచ్చు."

"నాలుగూ పీకేద్దాం," అన్నారాయన. మేడమ్ చేతిలోంచి పేపరు తీసుకుని, మార్జిన్లలోని ప్రశ్నలన్నీ మొదటినుంచీ చదివారు. రెండుచోట్ల ఆయనే నవ్వారు. "నా ప్రసంగాన్ని ఇంత శ్రద్ధగా ఎవరైనా చదవడం ఇదే మొదటిసారి మేడమ్. మీ పీరియడ్లు ఎక్కడికీ పోవు. ముందు నాకో అరగంట ఇవ్వండి. ఏమ్మా, ఆ మెట్ల సంగతి నేను సాయంత్రం చెప్పుకోవచ్చా?"

"చెప్పుకోండి సార్. కానీ నా వ్యాసంలోనూ అదే రాస్తాను. కాపీ కొట్టానంటారేమో."

"అనను. రేపే ఇవ్వు."

ఆ సాయంత్రం ప్రిన్సిపాల్ కాగితం లేకుండా మాట్లాడారు. మెట్ల మీద ఒంటరిగా కూర్చున్న ఒక అమ్మాయి గురించి, జరిగి చోటిచ్చిన వాళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పి కూర్చున్నారు. జనం ఒక్క క్షణం అయిపోయిందని నమ్మలేకపోయారు. ఆ తర్వాత చప్పట్లు ఆగలేదు. వెనక వరసల్లో నిలబడ్డ వాళ్ళకి ముందువాళ్ళు జరిగి చోటిచ్చారు.

ఫిర్యాదు ఒక్క క్యాంటీన్ నుంచే వచ్చింది: ప్రసంగం అయ్యేలోపు టీ కాచేయొచ్చు అనుకుంటే, స్టవ్ వెలిగించే టైము కూడా ఇవ్వలేదట.