సింహంగారి పన్నెండు సాహసాలు

ఒక పెద్ద అడవిలో జంతువులకు సినిమా పిచ్చి పట్టుకుంది. పట్టించింది రోమేశం అనే ఎలుగుబంటి. అప్పటికి మూడు సినిమాలు తీశాడు. మూడూ ఆడలేదు.

ఈసారి ఎలాగైనా హిట్టు కొట్టాలని, గ్రీసు దేశం నుంచి వలస వచ్చిన ధవళ అనే కొంగ దగ్గరికి వెళ్లాడు.

"మీ దేశంలో పాత కథలు బోలెడట కదా, ఒకటి చెప్పమ్మా."

ధవళ చెప్పింది. అక్కడ ఒక మహా బలశాలి ఉండేవాడు. ఒకరోజు మతి చెడి కన్నబిడ్డల్నే చంపుకున్నాడు. ఆ పాపం కడుక్కోవడానికి పన్నెండు కష్టమైన పనులు చేశాడు. మొదటిది, ఒక సింహాన్ని వట్టి చేతులతో గొంతు పిసికి చంపడం. ఇంకొకటి, ముప్ఫై ఏళ్లుగా పేడ ఎత్తని పశువుల కొట్టాన్ని ఒక్కరోజులో శుభ్రం చెయ్యడం. రెండు నదుల్ని దాని మీదికి మళ్లించి కడిగేశాడు.

"ఆ పిల్లల్ని తలుచుకుంటే నాకిప్పటికీ ఏడుపొస్తుంది," అంది ధవళ.

"పిల్లల్ని తీసేద్దాం. ఫ్యామిలీలు రావు," అన్నాడు రోమేశం.

"మరి వాడు ఆ పనులన్నీ ఎందుకు చేసినట్టు?"

"హీరో కదమ్మా. ఊరికే చేస్తాడు."

సినిమాకి రాజుగారి అనుమతి కావాలి. రాజు ఉగ్రకేసరి అనే సింహం. కథంతా విని నెమ్మదిగా అడిగాడు.

"మొదటి సీన్లో చచ్చేదెవరన్నావ్?"

రోమేశం గబుక్కున కథ తిప్పేశాడు. "వేటగాడు ప్రభూ! సింహం చేతిలో చస్తాడు. ఆ సింహమే హీరో. ఆ వేషం తమరే వెయ్యాలి."

రాజు జూలు సవరించుకున్నాడు. "మరి ఆ పేడ గొడవ?"

"తమరు ముట్టుకోరు ప్రభూ. గర్జిస్తారంతే. నదులు హడలిపోయి వాటంతటవే వచ్చి కడిగేస్తాయి. వెంటనే నెమళ్లతో పాట."

"ఇక ఇందులో మా కథేముంది?" అంది ధవళ.

"మొదట్లో 'గ్రీకు పురాణం ఆధారంగా' అని వేస్తాంగా!"

పెద్ద గుహలో బొమ్మ పడింది. గర్జన సీనుకి కోతులు ఈలలు వేసి ఆకులు చల్లాయి. కుందేళ్లు ఎనిమిదేసి సార్లు చూశాయి. వందోరోజు దాటేసరికి రాజు నిజంగానే సినిమాలోలాగా నడవడం మొదలుపెట్టాడు.

ఆ ఎండాకాలం అడవిదున్నలు నీళ్లు తాగే మడుగు పేడతో మరీ కుళ్లిపోయింది. దూడలు జబ్బుపడ్డాయి. మూడేళ్లుగా అర్జీలు పెడుతుంటే 'పరిశీలనలో ఉంది' అనే జవాబే వస్తోంది. ఈసారి దున్నలు అర్జీ మానేసి, రాజు దగ్గరికి దండలు పట్టుకొచ్చాయి.

"ప్రభూ, నా దూడ లేవడం లేదు," అంది కాటమ్మ అనే ఆడ అడవిదున్న. ఆమె గొంతులో వెటకారం లేదు, నమ్మకమే ఉంది. "సినిమాలో తమరు గర్జిస్తే రెండు నదులొచ్చాయి. మాకు రెండొద్దు. పక్కనున్న వాగొక్కటి చాలు."

రాజు రోమేశం వైపు చూశాడు. రోమేశం ఆకాశం వైపు చూశాడు.

రాజు మడుగు గట్టుకి వెళ్లి గర్జించాడు. వాగు కదల్లేదు. మళ్లీ గర్జించాడు. దగ్గొచ్చింది.

"వాగుకి వినపడలేదేమో, కాస్త దగ్గరికెళ్లండి ప్రభూ," అంది ఒక కుందేలు భక్తిగా.

వెళ్లాడు. మడుగు అంచున మోకాలి లోతు పేడలో దిగబడ్డాడు. చుట్టూ అడవంతా రెప్ప వెయ్యకుండా చూస్తోంది. అదంతా ఉత్త సినిమా అని ఒప్పుకుంటే రేపట్నుంచి కుందేలు కూడా లెక్కచెయ్యదు. గట్టు మీద కాటమ్మ దూడ మెడ వాల్చి పడుకుని ఉంది. ఉగ్రకేసరి కాసేపు దాన్నే చూశాడు. తర్వాత పంజాలతో కాలవ తవ్వడం మొదలుపెట్టాడు.

"ఈ సీను సినిమాలో లేదే!" అంది కుందేలు.

"కొత్తగా కలిపారు," అని రోమేశం మెల్లగా జారుకున్నాడు.

పదకొండు రోజులు తవ్వాడు. గోళ్లు అరిగిపోయాయి, జూలంతా పేడ. పన్నెండో రోజు వాగు మళ్లింది. మడుగు తేటపడింది. దూడ లేచి నిలబడింది.

"సినిమాలో ఉన్నంత బాలేదు," అనుకుంటూ కోతులు వెళ్లిపోయాయి.

"ఇప్పుడు కాస్త మా కథలా ఉంది," అంది ధవళ.

నీతి: రాజుచేత పని చేయించాలంటే అర్జీ పెట్టకూడదు, ఆయన్ని హీరోగా పెట్టి సినిమా తియ్యాలి.