చొక్కా మీద చెయ్యి వెయ్యొద్దు

నేను చెప్పే కథల్లో నిజం పాలు కాస్త తక్కువేనని మా ఇంట్లోవాళ్ళే అంటారు. మొసలిని గొడుగుతో అదిలించి ఏరు దాటానని చెప్పినప్పుడు మా ఆవిడ గొడుగు సంగతి మాత్రమే నమ్మింది. కానీ ఈ కథ అలాంటిది కాదు. ఇందులో ఆవగింజంత అబద్ధం కూడా లేదు. ఉందని తేలితే, నాకు మిగిలిన నాలుగు పళ్ళూ ఊడబీకి మీ చేతిలో పెడతాను.

"ఈ క్షణం నుంచి మన ప్రాంతంలో పొదల జ్వరం లేదు!" అని ఆరోగ్యమంత్రిగారు మైకు ముందు ప్రకటించిన రోజున, ఆయన వెనకాల నిలబడి అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవాడు పీయే. కొట్టడా మరి! ఆ జ్వరాన్ని తరిమిన ఉత్తర్వు రాసింది అతనే.

పొదల జ్వరం అంటే తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. గడ్డిలో, పొదల్లో కంటికి ఆనని పురుగు ఒకటుంటుంది. కుట్టినట్టు కూడా తెలియదు. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి మచ్చ పడుతుంది. అదీ చంకలోనో, నడుము దగ్గరో, బట్టల మాటున. డాక్టరు ఆ మచ్చ చూసి చవక మాత్రలు ఇస్తే జ్వరం దిగిపోతుంది. చూడకపోతే మామూలు జ్వరమే అనుకుంటూ ఉండగానే మనిషి ఊపిరి తీసుకోలేని స్థితికి వస్తాడు.

కేసులు పెరిగిపోతున్నాయని ప్రతిపక్షం గోల పెట్టినప్పుడు మంత్రిగారు పీయేని పిలిచారు.

"కేసని ఎలా తేలుస్తారయ్యా?"

"చొక్కా విప్పించి మచ్చ వెతుకుతారండీ."

మంత్రిగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పేదవాడి చేత బట్టలు విప్పిస్తున్నారా? వాడికి మాత్రం సిగ్గుండదూ?"

"రక్తపరీక్ష కూడా ఉందండీ."

"దానికి చొక్కా చెయ్యి మడవాలి కదా. అదీ అవమానమే."

అలా పుట్టింది రోగి గౌరవ పథకం. సర్కారీ ఆసుపత్రుల్లో రోగి చొక్కా మీద డాక్టరు చెయ్యి వెయ్యకూడదు. వేస్తే ఉద్యోగం ఊడుతుంది. నెల తిరగకుండా కేసులు సున్నాకి దిగాయి. ఇంత సుకుమారంగా ఒక జబ్బును సాగనంపిన పరిపాలన చరిత్రలో ఉంటుందని నేననుకోను. జబ్బే లేనప్పుడు మాత్రలెందుకని వాటినీ గోడౌనుకు పంపించేశారు.

సున్నా కేసుల పండగ చేద్దామని మంత్రిగారు ఊరి బయట పొదల్లో మొక్క నాటడానికి బయలుదేరారు. మట్టి గట్టిగా ఉండి మొక్క నిలబడలేదు. ఫోటోలో వంకరగా పడితే బాగోదని, మంత్రిగారి డ్రైవరు దాని వెనకాల గడ్డిలో బోర్లా పడుకుని, మొక్కను కింద నుంచి నిటారుగా పట్టుకున్నాడు. ఈ డ్రైవరు పీయేకి స్వయానా బావమరిది. ఉద్యోగం వేయించిందీ బావగారే. మంత్రిగారు ముందు చతికిలబడి చిరునవ్వు నవ్వారు. ఆ పురుగుకు ప్రోటోకాల్ తెలియదు గనక ఇద్దరినీ కుట్టింది.

ముందు మంచం పట్టింది డ్రైవరు. జనరల్ వార్డులో కిటికీ పక్కన పడుకోబెట్టారు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. మెడ గుండీ దాకా పెట్టుకున్న చొక్కా మాత్రం నలగలేదు.

"చంకలో నల్లమచ్చ ఉంది డాక్టరుగారూ, నేను చూశాను," అంది పీయే భార్య.

"అక్కలు చూసినవి లెక్కలోకి రావమ్మా."

"నేనే విప్పుకుంటానండీ," అని డ్రైవరు గుండీ మీద చెయ్యి వేశాడు.

డాక్టరు చటుక్కున గోడవైపు తిరిగాడు. "వద్దు నాయనా! చూశానంటే నీ గౌరవం పోతుంది, నా ఉద్యోగం పోతుంది."

"పోనీ, చూడకుండానే ఆ మాత్రలివ్వండి."

"లేని జబ్బుకి మందెలా ఇస్తానమ్మా?"

ఆవిడ వరండాలోకి వచ్చి మొగుణ్ణి నిలదీసింది. "ఆ దిక్కుమాలిన కాగితం రాసింది ఈ చేత్తోనే కదూ? వెళ్ళి అదే చేత్తో చింపెయ్యండి. నా తమ్ముడికేమైనా అయిందో, మీరు ఇంటికి రానక్కర్లేదు."

"మంత్రిగారి సంతకం ఉన్న కాగితం నేనెలా చింపుతానే?" అన్నాడు పీయే. ఆ ఉత్తర్వులో 'గౌరవం' అన్నమాట ఎన్నిచోట్ల పడితే అంత బాగుంటుందని మురిసిపోతూ రాసినవాడు తనేనాయె.

అంతలో మంత్రిగారికీ జ్వరం తగిలిందని కబురొచ్చింది. పీయే పైకి నొచ్చుకున్నాడు గానీ, లోపల ప్రాణం లేచొచ్చింది. ఇక ఉత్తర్వు ఉండదు!

స్పెషల్ రూములో పెద్ద పెద్ద డాక్టర్లు మంచం చుట్టూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒకాయన కోటు బయటినుంచే జబ్బును అంచనా కట్టాడు. ఇంకొకాయన దర్జీని పిలిపిస్తే మేలన్నాడు.

మంత్రిగారు మూలుగుతూ కళ్ళు తెరిచారు. "నేను పోతానా?"

"పోయినా పూర్తి గౌరవంతో పోతారు సార్," అన్నాడు పెద్ద డాక్టరు.

"నీ గౌరవం తగలెయ్య! విప్పండయ్యా!"

"ఉత్తర్వు ఉంది సార్. మీదే."

పీయే అప్పటికే కాగితం తీసి, 'రోగి గౌరవ పథకం రద్దు' అని రాసి సిద్ధంగా పెట్టాడు. మంత్రిగారు అంత జ్వరంలోనూ అది చదివారు.

"రద్దా? బుద్ధుందా? రేపటి నుంచి ఊరంతా చొక్కాలు విప్పితే నా సున్నా ఏం కావాలి? 'మంత్రి హోదా గలవారికి ఈ గౌరవం వర్తించదు' అని రాయి."

"మరి జనరల్ వార్డులో మా బావమరిది..."

"అతని గౌరవానికేం ఢోకా లేదయ్యా. నేనున్నాను."

సంతకమైంది. కోటు విప్పారు, మచ్చ నడుము దగ్గర దొరికింది. సైరన్ మోగించుకుంటూ గోడౌను నుంచి మాత్రలొచ్చాయి. జ్వరం దిగింది. ప్రజల గౌరవం ముట్టుకోకుండా తన ఒక్కరి గౌరవాన్నే వదులుకున్న త్యాగమూర్తి అని పత్రికలు రాశాయి. రాయక ఏం చేస్తాయి!

"మరి నా తమ్ముడో?" అంది పీయే భార్య. ఈసారి గట్టిగా అరవలేదు. అందుకే పీయేకి ఎక్కువ భయమేసింది.

అతను తిన్నగా స్పెషల్ రూముకెళ్ళి, మంత్రిగారి ముందున్న సంతకాల కట్టలో ఇంకొక కాగితం దోపాడు. బావమరిదికి పొదల అభివృద్ధి సంస్థ చైర్మన్ పదవి, మంత్రి హోదా. మంత్రిగారు చదవకుండా సంతకం పెట్టేశారు. పీయే చెప్పులు చేత పట్టుకుని జనరల్ వార్డుకు పరిగెత్తాడు.

డాక్టరు కాగితం చూసి, లేచి నిలబడి, డ్రైవరుకు నమస్కారం పెట్టాడు. "చైర్మన్‌గారూ, తమరి చొక్కా విప్పమంటారా?"

"విప్పండి బాబూ," అన్నాడు చైర్మన్ ఊపిరి అందక.

మచ్చ అక్క చెప్పినచోటే ఉంది. మాత్రలు పడ్డాయి. కుర్రాడు లేచి కూర్చుని గోడకు ఆనుకున్నాడు.

"బావా, చైర్మన్‌కి కారిస్తారా?"

"ఇస్తార్రా."

"డ్రైవర్నో?"

పీయే బుర్ర గోక్కున్నాడు. పక్క మంచం మీది ముసలాయన మెల్లగా పీయే చొక్కా పట్టుకుని లాగాడు. "అయ్యా, చిన్నదైనా పరవాలేదు, నాకూ ఒక సంస్థ చూడండి."

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ పళ్ళ సంగతి ముందే చెప్పి ఇరుక్కున్నాను. సరే, పట్టకారు తెచ్చుకోండి. కథలో ఒకచోట అబద్ధం ఉంది. ఆ చైర్మన్ పదవీ, దాని వెనకాల వచ్చిన మాత్రలూ నేనిచ్చినవే. మంత్రిగారు ఏ కాగితమూ చదవకుండా సంతకం పెట్టరు. కుర్రాడు మంచివాడు, నా చేతిలో పని కదా అని ఇచ్చేశాను. మిగతా దేన్నీ నేను కల్పించలేదు.

మంత్రిగారి కారు ఇప్పుడు వేరే అతను నడుపుతున్నాడు. మొక్కను నిటారుగా పట్టుకోవడం అతనికి ఇంకా బాగా వచ్చునట.