పిన్నిగారి కొట్టుకు పడ్డ జరిమానా

పట్టణంలో పిల్లలు మద్యం తాగుతున్నారన్న సంగతి పురపాలక సంఘం వారికి అధికారికంగా తెలిసింది. అనధికారికంగా అందరికీ ఎప్పుడో తెలుసు గాని, అధికారికంగా తెలిసేదాకా బాధపడే వీల్లేదు కదా! తెలిసిన మరునాడే సంఘం సమావేశమై, మనస్ఫూర్తిగా బాధపడి, మైనర్లకు మద్యం అమ్మే కొట్లకు భారీ జరిమానా విధించాలని తీర్మానించింది. ఆ జరిమానాల వల్ల రాబోయే ఆదాయంతో అధ్యక్షులవారి గదికి ఏసీ పెట్టించాలని అదే ఊపులో ఇంకో తీర్మానం చేసింది. చప్పట్లు రెండోదానికే ఎక్కువ పడ్డాయి.

మద్యం కొట్టు పిన్నిగారు ఈ నిబంధన గురించి విని, దాన్ని పాటించడం మొదలుపెట్టారు. ఇలాంటి పరిణామాన్ని నిబంధన రాసినవాళ్ళు కూడా ఊహించలేదు.

నిజానికి ఆవిడ ఎవరికీ పిన్ని కాదు. భర్త మోకాళ్ళు మొరాయించాక ఆవిడే గల్లాపెట్టె దగ్గర కూర్చుంటున్నారు. ఆడమనిషి చేతినుంచి సీసా అందుకోవడానికి మొహమాటపడిన పెద్దమనుషులు, ఏదో ఒక వరుస కలిపితే బాగుంటుందని పిన్నిని చేశారు.

ఇప్పుడావిడ వచ్చిన ప్రతివాణ్ణీ వయసు గుర్తింపు కార్డు అడగసాగారు. మొదట అడిగింది ఒక బ్యాంకు మేనేజరుని. ఆయన నెత్తిన వెంట్రుక మొలిచిన జ్ఞాపకం ఎవరికీ లేదు.

"నన్నా? నా వయసా?" అని ఆయన మురిసిపోయి, కార్డు రెండుసార్లు చూపించాడు. మర్నాడు ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చి, "వీళ్ళనీ అడగండి పిన్నిగారూ, పాపం, ఇంట్లో దిగులుగా ఉంటున్నారు" అని సిఫారసు చేశాడు.

చిక్కల్లా అసలు పిల్లలతోనే వచ్చింది. స్కూలు సంచితో ఒక అమ్మాయి వచ్చి, రోజూ పట్టుకెళ్ళే సీసా అడిగింది. పిన్నిగారు ఇవ్వనన్నారు. కాసేపటికి వాళ్ళ నాన్న ఇంటి చెప్పులతోనే ఊడిపడ్డాడు.

"మా అమ్మాయి తాగుతుందనుకున్నారా? నాకోసమండీ!"

"అయితే మీరే రండి బాబూ. చిన్నపిల్లని పంపిస్తారా?"

"నేనొస్తే నలుగురూ చూడరూ?" అన్నాడాయన, నలుగురూ చూస్తుండగా.

ఎదురు కొట్టాయన ఇలాంటి ఇబ్బందులేమీ పెట్టుకోలేదు. వాకిట్లో ఒక కుర్చీ వేసి, అందులో ఒక ముసలాయన్ని కూర్చోబెట్టాడు. పిల్లలు తాతగారికి చెబుతారు, తాతగారు కొంటారు, పిల్లలు పట్టుకుపోతారు. మైనర్లకు అమ్మిన పాపం కొట్టుకు అంటదు. నేటి యువత పెద్దల మాట లేనిదే అడుగు ముందుకు వేయడం లేదని, తరాల మధ్య దూరం ఇంతలా తగ్గడం హర్షణీయమని అధ్యక్షులవారు ఒక సభలో కొనియాడారు.

ఈ విధంగా పట్టణమంతా చట్టబద్ధం కావడంతో ఒక్క జరిమానా కూడా వసూలు కాలేదు. ఏసీ మాత్రం వచ్చేసింది, దాని బిల్లుతో సహా. దాంతో తనిఖీ అధికారిని రంగంలోకి దించారు. ఆయన చాలా ఆలోచించి, తన కూతురికి వాళ్ళమ్మ కళ్ళజోడు పెట్టి, లిప్‌స్టిక్ పూసి, పిన్నిగారి కొట్టుకు పంపాడు.

పిన్నిగారు ఆ పిల్లను పైనుంచి కిందికి చూశారు.

"చదువుకోవాలి కదమ్మా, ఆ కళ్ళజోడు తీసెయ్. తలనొప్పి వస్తుంది. అదిగో, ఆ వ్యాను వెనక నక్కి చూస్తున్నది మీ నాన్నగారేనా? ఎండలో మాడిపోతున్నారు, నీడకి రమ్మను."

మర్నాడు పిన్నిగారికి సంఘం కార్యాలయం నుంచి పిలుపు వచ్చింది. అధ్యక్షులవారు చల్లటి గదిలో కూర్చుని చెమటలు తుడుచుకుంటున్నారు.

"మీ నిజాయితీని సంఘం గౌరవిస్తోంది. కాని దానివల్ల పట్టణాభివృద్ధి కుంటుపడుతోంది. ప్రజాప్రయోజనం దృష్ట్యా, ఒక్కసారి, ఒక్క మైనరుకు..."

"అమ్మను బాబూ."

"పోనీ అమ్మకండి. జరిమానా కట్టండి. లైసెన్సు పొడిగింపు కాగితం నా బల్లమీదే ఉంది కదా!"

పిన్నిగారు బల్లమీది ఆ కాగితం వంక చూశారు. ఆ కొట్టు తప్ప వాళ్ళకి వేరే ఆధారం లేదు. చేయని తప్పుకు సంతకం పెడుతుంటే, పెన్ను కాగితం మీద నడవనని మొరాయించింది. అధ్యక్షులవారు లేచి స్వయంగా తన పెన్ను ఇచ్చారు.

ఆ సాయంత్రం మంచం మీంచి భర్త అడిగాడు: "ఏమే, పిల్లలకి గాని అమ్మావా?"

"లేదండీ."

"మరి జరిమానా ఎందుకు కట్టావు?"

"అమ్మనందుకు" అంటూ ఆవిడ ఆయన మోకాలికి మందు రాశారు.

పొద్దున్నే సంఘం వారి మైకు వీధి వీధీ తిరిగింది. మైనర్లకు మద్యం అమ్ముతూ పట్టుబడ్డ ఏకైక కొట్టు పిన్నిగారిదేనంటూ, గుర్తు తప్పకుండా చిరునామాతో సహా ప్రకటించింది. పట్టణం భగ్గుమంది. "ఛీ, ఇలాంటివాళ్ళ వల్లే పిల్లలు పాడైపోతున్నారు" అని ఇంటింటా అనుకున్నారు. అనుకుని, మధ్యాహ్నానికల్లా తమ తమ పిల్లల్ని ఆ కొట్టుకు పంపారు.

పిన్నిగారు ఎప్పటిలాగే వయసు అడిగి, ఒక్కొక్కరినీ వెనక్కి పంపారు. సాయంత్రానికి కొట్టు ముందు తల్లిదండ్రుల గుంపు చేరింది. అందరూ చదువుకున్నవాళ్ళే, పిల్లల మంచి కోరేవాళ్ళే. వాళ్ళ తరఫున ఒకావిడ ముందుకొచ్చి, చాలా మర్యాదగా అడిగింది:

"జరిమానా కట్టేశారు కదా పిన్నిగారూ, ఇంకా అమ్మడానికేమండీ?"